రాత్రి ఫైనల్‌లో విమానం కిందికి ఎందుకు జారిపోతుంది?

పాలకొల్లు కుర్రాడొకరు అడిగిన ప్రశ్న ఇది: "సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) శిక్షణలో ఉన్నానండి. పగలు సోలో (ఒంటరిగా ఎగరడం) బాగానే చేస్తున్నాను. మొదటిసారి రాత్రి సర్క్యూట్లకు (రన్‌వే చుట్టూ తిరిగొచ్చి దిగడం) వెళ్లినప్పుడు, మూడో ల్యాండింగ్‌లో నేను ఇంకా ఎత్తులోనే ఉన్నాననుకుంటుంటే మా ఇన్‌స్ట్రక్టర్ గారు కంట్రోల్స్ తీసేసుకుని గో అరౌండ్ చేశారు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపేశారు. ఇంకాస్త ఆగితే చెట్లకు తగిలేవాళ్లమన్నారు. నాకేమీ తేడాగా అనిపించలేదండి. ఇప్పుడు సెలవులకు ఇంటికొచ్చాను. రాత్రి ఫ్లయింగ్ మానెయ్యమని అమ్మ గొడవ. చిన్న విమానంలో రాత్రిపూట క్షేమంగా ఎగరాలంటే ఏం చెయ్యాలి?"

బాబూ, "నాకేమీ తేడాగా అనిపించలేదు" అని రాశావు చూడు, మొత్తం ప్రశ్నలో ముఖ్యమైన మాట అదే. పగలు పొరపాటు చేస్తే చేస్తున్నట్టు కొంచెమైనా తెలుస్తుంది. చెట్లు పెద్దవవుతాయి, పొలం గట్లు కనిపిస్తాయి, కడుపులో ఏదో అదురుతుంది. రాత్రి ఆ అదురు రాదు. అంతా బాగున్నట్టే ఉండి నేల దగ్గరకొచ్చేస్తుంది. ముప్పై ఏళ్లు చిన్న విమానాల మీద పిల్లలకు నేర్పి, ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో చాలామందికి మొదటి రాత్రే నీకు జరిగినదే జరిగింది. తెలివి తక్కువై కాదు, చేతకాక కాదు. కన్ను పనిచేసే తీరే అంత.

ముందు నువ్వు ఒక పని చెయ్యి. పాలకొల్లులోనే ఉన్నావు కదా, చీకటిపడ్డాక నరసాపురం రేవుకు వెళ్లి ఏటిగట్టు మీద నిలబడు. అవతల సఖినేటిపల్లి వైపు దీపాలు కనిపిస్తాయి. ఎంత దూరం ఉంటుందో అనుకుని ఒక కాగితం మీద రాసుకో. మర్నాడు పొద్దున్న అదే చోట నిలబడి చూడు, తర్వాత పంటు ఎక్కి అవతలికి వెళ్లు. రాత్రి నువ్వు రాసుకున్న దూరానికీ, పగలు కనిపించే దూరానికీ పొంతన కుదరదు. ఎందుకంటే రాత్రి నీకూ ఆ దీపానికీ మధ్య ఉన్నది ఒట్టి నల్లటి నీరు. కంటికి కొలబద్ద ఏదీ దొరకదు. పగలైతే పడవలుంటాయి, అలలుంటాయి, అవతలి గట్టు మీద మనుషులు చిన్నగా కనిపిస్తారు. దూరాన్ని మన మెదడు వాటితోనే కొలుస్తుంది.

ఇప్పుడు ఆ దీపాల స్థానంలో రన్‌వే లైట్లు పెట్టుకో, గోదావరి స్థానంలో చీకటి పొలాలు పెట్టుకో. అదే మీ ఫైనల్, అంటే దిగడానికి రన్‌వేకు ఎదురుగా వచ్చే ఆఖరి దారి. దీన్ని బ్లాక్ హోల్ అప్రోచ్ అంటారు. రన్‌వే ముందున్న నేలంతా నల్లగా ఉండి, రన్‌వే దీపాలు మాత్రమే వెలుగుతుంటే, పైలట్‌కు తాను ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. ఎత్తు ఎక్కువైందనుకుని ముక్కు కొంచెం దించుతాడు. దించాక కూడా కంటికి రన్‌వే ఆకారం మారినట్టు ఉండదు, అందుకని ఇంకొంచెం దించుతాడు. అలా తిన్నగా రావాల్సిన దారి కిందికి వంగిన విల్లులా అయిపోయి, రన్‌వేకు ముందే నేలను తాకుతుంది. 1960ల చివర్లో బోయింగ్ కంపెనీలో కాన్రాడ్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు దీన్ని సిమ్యులేటర్‌లో పరీక్షించాడు. కూర్చోబెట్టింది నీలాంటి విద్యార్థులను కాదు, వేల గంటల అనుభవమున్న పైలట్లను. ఎత్తు చూపే పరికరం లేకుండా కంటి ఆధారంతోనే దిగమంటే, వాళ్లు కూడా ప్రమాదకరంగా కిందికి జారిపోయారు. కాబట్టి ఇది అనుభవంతో పోయే జబ్బు కాదు. నాకు ఇప్పటికీ ఆ భ్రమ కలుగుతుంది. నేను చేసే తేడా ఒక్కటే, ఆ క్షణంలో కన్ను చెప్పేది లెక్కలోకి తీసుకోను.

మరి దేన్ని తీసుకోవాలి? రన్‌వేకు పాపీ లైట్లుంటే వాటిని. రన్‌వే పక్కన వరసగా నాలుగు దీపాలుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే దారి సరిగ్గా ఉంది. మూడు ఎరుపయితే కొంచెం కిందున్నావు. నాలుగూ ఎరుపయ్యాయంటే ఇక ఆలోచన లేదు, దిగడం ఆపెయ్. లెవెల్ చేసి మళ్లీ రెండు తెలుపులు కనిపించేదాకా ఆగు, లేదా గో అరౌండ్ చెయ్యి. "రన్‌వే కనిపిస్తూనే ఉంది కదా, దిగిపోదాం" అన్న మాట ఆ సమయంలో నీ లోపల వినిపిస్తుంది. విన్నవాళ్లు చెట్లను తాకారు.

పాపీ లేని రన్‌వే అయితే అంకెలు పట్టుకో. 3 డిగ్రీల దారిలో ప్రతి నాటికల్ మైలుకూ (సుమారు 1.85 కిలోమీటర్లు) సుమారు 300 అడుగుల ఎత్తు ఉండాలి. మూడు మైళ్ల దగ్గర 900, రెండు దగ్గర 600, ఒకటి దగ్గర 300. ఇది రన్‌వే నేల మీదనుంచి ఎత్తు. క్యూఎన్‌హెచ్ (సముద్ర మట్టానికి సరిచేసిన గాలి ఒత్తిడి) పెట్టినప్పుడు ఆల్టీమీటర్ ఎత్తును సముద్ర మట్టం నుంచి చూపిస్తుంది కాబట్టి, ఆ ఎయిర్‌పోర్టు ఎత్తు కలుపుకోవాలి. రేపు నువ్వు మన మధురపూడిలోనే (రాజమండ్రి విమానాశ్రయం) దిగాల్సి వస్తే సుమారు 150 అడుగులు కలపాలి. ఇక దిగే వేగానికి లెక్క: నేల మీద నీ వేగాన్ని నాట్లలో (గంటకు ఎన్ని నాటికల్ మైళ్లు) తీసుకుని ఐదుతో గుణించు. 70 నాట్లయితే నిమిషానికి 350 అడుగులు. వేరియోమీటర్ (దిగే వేగం చూపే పరికరం) 600 చూపిస్తోందంటే, నీకు ఎంత బాగున్నట్టనిపించినా ఏదో తప్పు జరుగుతోంది. ఈ లెక్కలు గాల్లో వెయ్యకూడదు. డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కగా వెళ్లేటప్పుడు) ఎంత, బేస్ (ఫైనల్‌కు ముందు అడ్డంగా వచ్చే దారి) తిరిగేటప్పుడు ఎంత, ఫైనల్ మొదట్లో ఎంత అన్నది కిందనే మోకాలి పలక మీద పెద్ద అక్షరాలతో రాసుకుని వెళ్లు.

దూరం నుంచి తిన్నగా ఫైనల్‌కు రావడం రాత్రి నాకు ఇష్టం ఉండదు. పొడవాటి చీకటి దారిలో భ్రమకు ఎక్కువ సమయం దొరుకుతుంది. మామూలు సర్క్యూట్ వేసుకుని, అలవాటైన చోట అలవాటైన ఎత్తులో తిరిగితే తేడా వెంటనే దొరుకుతుంది. ఇంకో రెండు సంగతులు. అలవాటైన దానికంటే సన్నటి రన్‌వే నిన్ను ఎత్తులో ఉన్నట్టు నమ్మిస్తుంది. అద్దం మీద వాన నీరున్నా అంతే. రెండూ నిన్ను కిందికే లాగుతాయి.

ఇక చెవి సంగతి. మన తీర్థాల్లో రంగులరాట్నం ఎక్కే ఉంటావు. కళ్లు మూసుకుని కూర్చుంటే కాసేపటికి తిరుగుతున్నట్టే తెలియదు. ఆగాక మాత్రం వెనక్కి తిరుగుతున్నట్టు ఉంటుంది. లోపలి చెవిలో ఉండే ద్రవం తిరుగుడు మొదలైనప్పుడు, ఆగినప్పుడు మాత్రమే కబురు పంపుతుంది. ఒకే వేగంతో 20 సెకన్ల పాటు తిరిగితే అది కుదుటపడిపోయి "తిన్నగానే వెళ్తున్నాం" అని చెబుతుంది. రాత్రి విమానం మెల్లగా ఒక పక్కకు ఒరిగితే నీకు తెలియనే తెలియదు. తెలిసి సరిచేస్తే, అప్పుడు రెండో పక్కకు ఒరిగినట్టు అనిపించి మళ్లీ పాత ఒరుగుడులోకే వెళ్లబుద్ధవుతుంది. అలా మెలి తిరుగుతూ కిందికి దిగిపోవడాన్నే పైలట్లు ఇంగ్లిష్‌లో గ్రేవ్‌యార్డ్ స్పైరల్, అంటే శ్మశానపు సుడి అని పిలుస్తారు.

1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు, పరికరాల మీద ఎగరడం నేర్చుకోని 20 మంది పైలట్లకు బయట ఏమీ కనిపించని పరిస్థితి కల్పించి చూశారు. ఇరవై మందీ విమానం మీద అదుపు కోల్పోయారు. సగటున 178 సెకన్లు పట్టింది. మూడు నిమిషాలు కూడా కాదు. 1999 జూలై 16 రాత్రి జాన్ కెనడీ జూనియర్ తన పైపర్ సరటోగాలో భార్యనూ, ఆమె అక్కనూ ఎక్కించుకుని మార్తాస్ వైన్‌యార్డ్ దీవికి వెళ్తూ సముద్రంలో కూలిపోయాడు. విమానంలో లోపం కనపడలేదు. చీకటి, మసక గాలి, కింద నీళ్లు, కనిపించని దిగంతం. దిక్కుతోచని స్థితిలో అదుపు తప్పాడని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. వాన లేదు, తుఫాను లేదు. నేల మీదున్నవాళ్లకు అది మామూలు వేసవి రాత్రే.

ఆ సంఘటన నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పడానికి కారణం, మన తీరం రాత్రి అచ్చం అలాగే ఉంటుంది. నాకే జరిగిన సంగతి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం రెండు ఇంజన్ల చిన్న విమానంలో తీరం వెంబడి దక్షిణానికి వెళ్తున్నాం. అమావాస్యకు ఒకటి రెండు రోజుల ముందు. అంతర్వేది దాటాక ఎడమ పక్కన సముద్రం మీద వేట పడవల దీపాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. పైన నక్షత్రాలు. కుడి పక్కన డెల్టా అంతా చేపల చెరువుల దగ్గర వెలిగే లైట్లు, వాటి ప్రతిబింబాలు నీళ్లలో. ఒక్కో దీపం రెండుగా కనిపిస్తుంది, పైన ఒకటి, కింద ఒకటి. నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో గీత లేదు. నేను ఒక నిమిషం పాటు బయటకు చూస్తూ చార్టు సర్దుకుంటున్నాను. నా మనసు ఆ పడవల దీపాలను నక్షత్రాలుగా లెక్కేసి, దిగంతాన్ని కిందికి జరిపేసింది. దానికి తగ్గట్టు నా చెయ్యి విమానాన్ని ఎడమకు ఒంచింది. పక్కనున్న సహ పైలట్ "సార్, బ్యాంక్" అన్నాడు. ఆర్టిఫిషియల్ హొరైజన్ (ఒరుగుడు చూపే పరికరం) చూస్తే 25 డిగ్రీలు ఒరిగి ఉన్నాం. పరికరాన్ని చూసి సరిచేస్తుంటే నా ఒళ్లంతా కాదంటోంది. ఆ నిమిషంలో పట్టిన చెమట నాకు ఇప్పటికీ గుర్తు. ఆ రోజు పక్కన మనిషి లేకపోతే ఏమయ్యేదో నేను ఊహించుకోను.

అందుకే రాత్రి సోలోకు ముందు, ఎన్ని ల్యాండింగులు చేశావన్నది కాదు, హుడ్ (బయట కనిపించకుండా కళ్లకు పెట్టే అడ్డు) వేసుకుని పరికరాల మీద ఎంతసేపు తిన్నగా ఎగరగలవన్నది నేను చూసేవాణ్ణి. పదిహేను నిమిషాలు ఎత్తు, దిక్కు, వేగం మూడూ నిలబెట్టగలిగితేనే సోలో. మీ ఇన్‌స్ట్రక్టర్ గారిని అడిగి ఇంకో రెండు గంటలు ఆ అభ్యాసమే చెయ్యి. ఖర్చనుకోకు. డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అడిగేది సీపీఎల్‌కు రాత్రి 5 గంటలు, పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత నీదిగా) 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగులు. అది లైసెన్సుకు సరిపడే కొలత. అంతటితో నేర్చుకోవడం పూర్తయినట్టు కాదు.

టేకాఫ్‌లో కూడా ఇదే కథ వేరే రూపంలో వస్తుంది. చక్రాలు లేచి రన్‌వే దీపాలు వెనక్కి పోగానే ఎదురుగా నల్లటి గోడ. వేగం పెరుగుతుంటే ఒళ్లు వెనక్కి ఒత్తుకుపోయి, ముక్కు బాగా పైకి లేచినట్టు అనిపిస్తుంది. భయపడి ముందుకు తోస్తే నేలలోకే. కాబట్టి చక్రాలు లేచిన క్షణం నుంచి కన్ను లోపలే ఉండాలి. ఆటిట్యూడ్ (ముక్కు, రెక్కల వాలు) సరిగ్గా ఉందా, ఆల్టీమీటర్ పెరుగుతోందా, వేగం నిలిచిందా. ఈ మూడూ చూస్తూ 500 అడుగులు దాటేదాకా ఏ పక్కకూ తిరగకు.

కంటిని చీకటికి అలవాటు చెయ్యడానికి అరగంట పడుతుంది. చెడగొట్టడానికి ఫోన్ తెర ఒక్కసారి చూస్తే చాలు. మీ తరానికి ఇదే కష్టం, నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, విమానం దగ్గరికి వెళ్లే అరగంట ముందు నుంచీ ఫోన్ సంచిలో పెట్టెయ్. కాక్‌పిట్ లైట్లు అంకెలు కనిపించేంత వరకే ఉంచు. ఎర్ర టార్చి మంచిదే కానీ, దాని వెలుగులో చార్టు మీద ఎర్ర గీతలు మాయమవుతాయని మర్చిపోకు. దూరంగా ఉన్న మసక దీపాన్ని చూడాలంటే సూటిగా చూడకూడదు, కొంచెం పక్కకు చూడాలి. కంటి నడిమి భాగం చీకట్లో పనిచెయ్యదు. ఒకే దీపాన్ని తదేకంగా చూస్తే అది కదులుతున్నట్టు భ్రమ కలుగుతుంది, పైలట్లు దాన్ని ఎదురొచ్చే విమానమనుకుని తప్పుకోబోయిన సందర్భాలున్నాయి. చూపు తిప్పుతూ ఉండు. సిగరెట్ అలవాటుంటే అది కూడా రాత్రి చూపును తగ్గిస్తుంది. అలవాటు లేదనే నమ్ముతున్నాను.

ఎదుటి విమానం ఎటు వెళ్తోందో దీపాల రంగు చెబుతుంది. ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ, తోకకు తెలుపు. కాకినాడ రేవులో ఓడలకూ ఇదే పద్ధతి. ఎరుపు నీకు కుడివైపు, ఆకుపచ్చ ఎడమవైపు కనిపిస్తే అది నీ మీదికే వస్తోంది.

వాతావరణం గురించి మన ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ చెబుతాను. పుష్యమాసంలో తెల్లవారుజామున కాలవ గట్టు మీద ఎదురుగా వచ్చే సైకిల్ కూడా కనపడదు. ఆ మంచు పట్టే ముందు ఒక గుర్తు ఇస్తుంది: ఉష్ణోగ్రతకూ మంచు బిందువుకూ తేడా రెండు మూడు డిగ్రీలకు తగ్గిపోతుంది. సాయంత్రం ఆరింటికి తేడా ఐదుండి, గాలి ఆగిపోయి, ఆకాశం తేటగా ఉంటే, రాత్రికి అది తగ్గుతూ పోతుందనే అనుకోవాలి. గాల్లో ఉన్నప్పుడు కింది దీపాల చుట్టూ వలయాలు కనిపించినా, ఒక వైపు దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నట్టు ఉన్నా, అది కరెంటు పోవడం కాదు. వెంటనే దిగిపో. పల్చటి మంచు మీద ఎగురుతూ నిట్టనిలువుగా చూస్తే రన్‌వే చక్కగా కనిపిస్తుంది. ఏటవాలుగా ఫైనల్‌లోకి వచ్చాక మాత్రం ఆ పొర మందమై ఏమీ కనిపించదు. పైనుంచి చూసి మోసపోయినవాళ్లు చాలామంది.

ఈ తేమ నేలలో విమానం రాత్రంతా బయట ఉంటే ట్యాంకులో నీరు చేరుతుంది. ఇంధనం తీసి చూసేటప్పుడు టార్చిని పక్కనుంచి వెయ్యి, తెల్లటి దానికి ఎదురుగా పెట్టి చూడు. చీకట్లో హడావిడిగా చూస్తే నీటి బుడగ కనిపించదు. పిటో గొట్టంలో (వేగం కొలిచే గొట్టం) కందిరీగలు గూడు పెట్టాయేమో చూడు. టార్చిలు రెండు, కొత్త బ్యాటరీలతో. అన్ని దీపాలూ వెలిగించి చుట్టూ తిరిగి చూడు. నా మాట విని ఈ పని పగటి వెలుగు ఉండగానే ఒకసారి, చీకటిపడ్డాక మళ్లీ ఒకసారి చెయ్యి.

ఆల్టర్నేటర్ (విమానంలో కరెంటు పుట్టించేది) ఆగిపోతే బ్యాటరీ మీద అరగంట ఉంటుందనుకో, అంతకంటే ఎక్కువ ఆశించకు. అక్కర్లేనివన్నీ ఆపేసి ఇంటిదారి పట్టు. రేడియో పోతే టవర్ వైపు చూడు: నిలకడగా ఆకుపచ్చ వెలుగు వస్తే దిగవచ్చు, నిలకడగా ఎరుపు వస్తే దారిచ్చి తిరుగుతూ ఉండాలి.

ఇంజన్ ఆగితే ఏమిటని మీ అమ్మగారి భయం అయి ఉంటుంది. నిజమే చెబుతాను, రాత్రి ఒక ఇంజన్ విమానంలో దానికి మంచి సమాధానం లేదు. ముఖ్యంగా డెల్టాలో. పైనుంచి నల్లగా కనిపించేది కోసిన చేనో, రొయ్యల చెరువో, కొబ్బరితోటో చెప్పలేం. వెలుగున్న హైవే మీద కరెంటు తీగలు, లారీలు. మన కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002 మార్చి 3న భీమవరం నుంచి బయల్దేరి, కైకలూరు దగ్గర చేపల చెరువులో హెలికాప్టర్ కూలి పోయారు. అది ఉదయం పూట. ఆ ప్రమాద కారణాల్లోకి నేను వెళ్లను. కానీ ఈ నీటి నేల మీద అత్యవసరంగా దిగడం పగలే ఎంత కష్టమో, ఆ వార్త విన్న రోజు నుంచీ నా మనసులో ఉండిపోయింది.

మంచి సమాధానం లేనప్పుడు ఆ ప్రశ్న రాకుండా చూసుకోవాలి. సెస్నా 172 ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారగలదు. సర్క్యూట్ బిగువుగా వెయ్యి, రన్‌వేను జారి చేరుకోగలిగిన దూరంలోనే ఉండు. పగలు నువ్వు ఎగిరి చూడని చోటికి రాత్రి వెళ్లకు. మన దేశంలో కంటిచూపు ఆధారంగా రాత్రి ఎగరడానికి మామూలుగా అనుమతి లేదు, స్థానికంగా తిరగడానికీ, క్లబ్బుల శిక్షణకూ ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించేవాళ్లు) ఒప్పుకుంటేనే. ఆ నిబంధన మీద చాలామంది విసుక్కుంటారు. నేను మాత్రం దాన్ని సమర్థిస్తాను.

మొదటి సోలోకు వెన్నెల రాత్రి అడుగు. శుక్ల దశమి నుంచి పౌర్ణమి దాకా దిగంతం కనిపిస్తుంది. అడగడంలో నామోషీ లేదు. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలు పడుకో. పొద్దున్న ఐదింటికి లేచి రోజంతా క్లాసులు విని రాత్రి తొమ్మిదింటికి విమానం ఎక్కకు. ఒంట్లో బాగాలేకపోయినా, మనసు బాగాలేకపోయినా, "ఈ రోజు వద్దు సార్" అను. కోప్పడే ఇన్‌స్ట్రక్టర్ ఉంటే, కోప్పడనివ్వు.

మీ అమ్మగారితో వాదించకు బాబూ. రాత్రి గంటలు లేకుండా ఈ ఉద్యోగం రాదని మెల్లగా చెప్పు. పాపీ లైట్లు అంటే ఏమిటో, నాలుగూ ఎర్రగా కనిపిస్తే నువ్వేం చేస్తావో కాగితం మీద గీసి చూపించు. ఆవిడ అడిగే ప్రశ్నలకు తడుముకోకుండా చెప్పగలిగితే, నీకే అర్థమవుతుంది నువ్వు ఎంతవరకు సిద్ధంగా ఉన్నావో. రేవుకు వెళ్లేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్లు.

తిరిగి వెళ్లాక రెండు సంగతులు నాకు రాయి. మీ రన్‌వేకు పాపీ ఉందా? ఆ రాత్రి నువ్వు బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగినప్పుడు ఆల్టీమీటర్ ఎంత చూపించింది? గుర్తులేకపోతే గుర్తులేదనే రాయి, మీ ఇన్‌స్ట్రక్టర్ గారికి తప్పకుండా గుర్తుంటుంది.